తుంటి కీలు కిర్రుమంది, లెక్క మొదలైంది: జాన్ చార్న్‌లీ ఏం కనిపెట్టాడు, ఏం మిగిల్చాడు

ఎముకల డాక్టర్ గదిలోంచి ఎక్స్‌రే కవరు పట్టుకుని బయటికొచ్చిన కుటుంబానికి ఆపరేషన్ భయం కంటే ముందు ఇంకో టెన్షన్ పట్టుకుంటుంది. తుంటిలో ఏ ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) వేయించాలి? సిమెంట్‌దా, సిమెంట్ లేనిదా? కీలు గుంటలో కూర్చునే గిన్నె ప్లాస్టిక్‌దా, సెరామిక్‌దా? అందులో తిరిగే బంతి చిన్నదా, పెద్దదా? ఒక్కోదానికి ఒక్కో రేటు చెబుతారు. ఏది ఎందుకు ఖరీదో మాత్రం ఎవరూ విడమర్చి చెప్పరు.

ఈ ప్రశ్నలు కొత్తవేమీ కావు. 1950ల చివర్లో ఇంగ్లండ్‌లోని ఒక పాత క్షయ ఆసుపత్రిలో ఒక సర్జన్ వీటిలో చాలావాటిని ఒకదాని వెంట ఒకటి ఎదుర్కొన్నాడు. ఆయన పేరు జాన్ చార్న్‌లీ. ఇవాళ ప్రపంచమంతా చేస్తున్న తుంటి మార్పిడికి మూస ఆయన తయారుచేసిందే. ఆ మూస ఎలా కుదిరిందో తెలిస్తే, ఇప్పటి ఇంప్లాంట్ల మధ్య తేడాలు సగం అర్థమైనట్టే.

క్లుప్తంగా: అరిగిన తుంటి కీలును చార్న్‌లీ ముందుగా రాపిడి సమస్యగా చూశాడు. మొదట ఎంచుకున్న టెఫ్లాన్ ఘోరంగా విఫలమైంది. 1962లో పాలిథిలిన్ గిన్నె, 22 మి.మీ. ఉక్కు బంతి, యాక్రిలిక్ సిమెంట్ కలిసిన పద్ధతి నిలిచింది. దాన్ని నిలబెట్టింది ఆ వస్తువులతో పాటు, ప్రతి పేషెంటునూ ఏళ్ల తరబడి వదలకుండా చూసిన అలవాటు. ఆ అలవాటు తప్పిన చోట తర్వాతి తరం దెబ్బతింది.

గుజ్జు అరిగాక అప్పట్లో ఏం చేసేవారు

తుంటి అంటే రుబ్బురోలు లాంటిది. కటి ఎముకలో గుంట, ఆ గుంటలో తిరిగే పొత్రంలా తొడ ఎముక తల. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. మన ఇళ్లలో ‘గుజ్జు’ అనేది దీన్నే. అది అరిగిపోతే ఎముకకు ఎముక రాసుకుని, మంచం దిగడమే గగనమవుతుంది.

చార్న్‌లీకి ముందు ప్రయత్నాలు లేవని కాదు. 1891లోనే జర్మనీలో థెమిస్టోక్లిస్ గ్లూక్ ఏనుగు దంతంతో కీలు చేశాడు. అమెరికాలో స్మిత్ పీటర్సన్ 1923లో తొడ ఎముక తలకు గాజు టోపీ తొడిగి చూశాడు, అది పగిలింది. 1938లో లండన్‌లో ఫిలిప్ వైల్స్ బంతి, గిన్నె రెండూ ఉక్కుతో చేసి బిగించాడు. 1946లో ఫ్రాన్స్‌లో జూడే సోదరులు యాక్రిలిక్ బంతి పెట్టారు. మొదట్లో అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించేవి. కొన్నాళ్లకు వదులైపోయేవో, విరిగేవో. అందుకే చాలామంది సర్జన్లు తుంటిని కదలకుండా అతికించేసేవారు. నొప్పి పోయేది, కదలికా పోయేది. చార్న్‌లీ కూడా కీళ్లు అతికించడంలో పేరు తెచ్చుకున్నవాడే. కీలును బిగించి పట్టి అతికించే ఆయన పద్ధతిని మోకాలికి చాలాకాలం వాడారు.

కెమిస్టు కొడుకు, వర్క్‌షాపు మనిషి

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లోని బరీ పట్టణంలో పుట్టాడు. తండ్రి మందుల షాపు కెమిస్టు, తల్లి నర్సు. 1935లో మాంచెస్టర్‌లో డాక్టర్ పట్టా పుచ్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో సైనిక వైద్య దళంలో చేరి, ఫ్రాన్స్‌లోని డన్‌కిర్క్ నుంచి సైనికుల తరలింపులో పాల్గొన్నాడు. తర్వాత కైరోలో పని. అక్కడ సైనిక వర్క్‌షాపులో కూర్చుని విరిగిన కాళ్లకు కట్టే బద్దలు, పనిముట్లు తయారు చేయించడం ఆయనకు బాగా నచ్చింది. లేత్ యంత్రం ముందు నిలబడ్డ సర్జన్ ఆ రోజుల్లో అరుదు.

తన మీద తాను ప్రయోగాలు చేసుకునే మొండితనం కూడా మొదటి నుంచీ ఉంది. యుద్ధం తర్వాత ఆస్వెస్ట్రీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఎముక ముక్క ఎలా అతుక్కుంటుందో చూడాలని తోటి డాక్టర్ చేత తన మోకాలి కింద ఎముకకే ఆపరేషన్ చేయించుకున్నాడు. అది చీము పట్టింది. ఎముకకు ఇన్ఫెక్షన్ సోకితే ఎంత బాధో ఆయనకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. తర్వాత రోజుల్లో ఆపరేషన్ థియేటర్ గాలి గురించి అంత పట్టుదలకు పోవడానికి ఇదీ ఒక కారణం అయ్యుండాలి.

భోజనాల బల్ల దగ్గర చప్పుడు

1950లలో ఒక పేషెంటు వచ్చాడు. అతనికి పెట్టింది జూడే యాక్రిలిక్ బంతి. భోజనాల బల్ల దగ్గర ముందుకు వంగినప్పుడల్లా తుంటి కిర్రుమంటోందని, ఆ చప్పుడు భరించలేక భార్య గదిలోంచి లేచిపోతోందని అతని ఫిర్యాదు. నొప్పి లేదుగా అని ఇంకొకరైతే పంపించేసేవారేమో. చార్న్‌లీ ఆ చప్పుడు దగ్గరే ఆగాడు. కిర్రుమంటోందంటే రాపిడి ఎక్కువగా ఉంది. రాపిడి ఎక్కువైతే ప్రతి అడుగుకీ ఆ బంతి, తొడ ఎముకలోకి దిగిన తన పిడిని మెలిపెడుతోంది. అంటే కీలు వదులవడానికి కారణం ఎముక బలహీనతే కానక్కర్లేదు, రాపిడి కూడా కావచ్చు.

ఇక్కడి నుంచి ఆయన పని ఇంజనీరు పనిలా సాగింది. సహజమైన కీలు ఎంత జారుడో కొలిచాడు. మంచు మీద స్కేట్ జారేదానికంటే అందులో రాపిడి తక్కువని తేల్చాడు. మరి ఆ జారుడు ఎక్కడిది? బండి ఇరుసుకు కందెన పెడితే, ఇరుసు గిర్రున తిరుగుతున్నంతసేపూ నూనె పొర మధ్యలో నిలుస్తుంది. తుంటి అలా తిరగదు. నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పైగా నడిచేటప్పుడు దాని మీద పడే భారం ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు. అలాంటి చోట నూనె పొర నిలవదని, జారుడంతా మృదులాస్థి ఉపరితలంలోనే ఉందని ఆయన వాదించాడు. కీళ్లలోని ద్రవం మృదులాస్థి మీద పనిచేసినట్టు లోహం మీద, ప్లాస్టిక్ మీద పనిచేయదు. కాబట్టి పెట్టే వస్తువే స్వతహాగా జారుడుది కావాలి.

ఈ వాదనను తర్వాతి ఇంజనీర్లు పూర్తిగా ఒప్పుకోలేదు. ద్రవపు పొరకూ, మృదులాస్థిలోని నీటి ఒత్తిడికీ పాత్ర ఉందని చూపారు. సిద్ధాంతం సగమే సరైంది, అయినా అది చూపిన దారి మాత్రం పనికొచ్చింది. వైద్యచరిత్రలో ఇలాంటివి చాలానే ఉన్నాయి.

టెఫ్లాన్: 300 మందికి చేశాక

అప్పటికి తెలిసిన ఘన పదార్థాల్లో బాగా జారేది టెఫ్లాన్. ఇప్పుడు మన దోసె పెనాల మీద ఉండే పూత అదే. 1958 నుంచి దాంతో గిన్నెలు చేసి పెట్టడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి కుంటినవాళ్లు నొప్పి లేకుండా నడుస్తున్నారు. 1961లో లాన్సెట్ పత్రికలో ‘కొత్త ఆపరేషన్’ అంటూ వ్యాసం రాశాడు.

రెండు మూడేళ్లు తిరిగేసరికి బండారం బయటపడింది. టెఫ్లాన్ జారుతుంది కానీ అరుగుతుంది కూడా. బంతి గిన్నెను తొలుచుకుంటూ పోయింది. రాలిన పొడి చుట్టూ శరీరం గడ్డలు కట్టింది, ఆ గడ్డలు ఎముకను తినేశాయి. దాదాపు 300 మందికి పెట్టిన కీళ్లు విఫలమయ్యాయి. మళ్లీ కోసి తీయాల్సి వచ్చింది, ఆ ఆపరేషన్లు తనే చేశాడు.

రాపిడి తగ్గడం వేరు, అరుగుదల తగ్గడం వేరు అని చార్న్‌లీకి తెలిసొచ్చింది ఇక్కడే. సబ్బు ముక్క చేతిలో ఎంత జారుతుందో అంతే తొందరగా అరుగుతుంది కదా. ఇప్పటికీ ఇంప్లాంట్ బ్రోచర్లలో ఈ రెండూ కలిపేసి రాస్తుంటారు. చదివేవాళ్లు విడదీసి చూసుకోవాలి.

మగ్గం పళ్లచక్రం నుంచి తుంటి గిన్నె దాకా

చార్న్‌లీ వర్క్‌షాపులో హ్యారీ క్రేవెన్ అనే టెక్నీషియన్ ఉండేవాడు. అరుగుదలను కొలిచే యంత్రాన్ని నడిపింది ఆయనే. 1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ కొత్త రకం ప్లాస్టిక్ ముక్క తెచ్చి ఇచ్చాడు. లాంకషైర్ నేత మిల్లుల మగ్గాలకు దాంతో పళ్లచక్రాలు చేసేవారు. అదే ఎక్కువ అణుభారమున్న పాలిథిలిన్. క్రేవెన్ దాన్ని చార్న్‌లీకి చూపించాడు. ఆయన బొటనవేలి గోరుతో గుచ్చి చూసి, దీంతో టైం వేస్టని తేల్చేసి కోపెన్‌హేగన్ వెళ్లిపోయాడు.

క్రేవెన్ మాట వినలేదు. ఆ ముక్కను యంత్రానికి బిగించి రాత్రీపగలూ తిప్పాడు. టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా ఈ ప్లాస్టిక్ మూడు వారాల్లో అరగలేదు. తిరిగొచ్చిన చార్న్‌లీ లెక్క చూసి తన తీర్పు మార్చుకున్నాడు. తుంటి మార్పిడి చరిత్రలో సర్జన్ల పేర్ల పక్కన క్రేవెన్ పేరు పెద్దగా వినపడకపోవడం అన్యాయమే.

ఈసారి చార్న్‌లీ తొందరపడలేదు. టెఫ్లాన్ పొడినీ, పాలిథిలిన్ పొడినీ సూదితో తన తొడలోకే ఎక్కించుకుని నెలల తరబడి చూశాడు. టెఫ్లాన్ ఉన్న చోట గడ్డలు కట్టాయి. పాలిథిలిన్ ఉన్న చోట అలా కట్టలేదు. 1962 నవంబరులో పేషెంట్లకు పెట్టడం మొదలైంది. ఇవాళ డాక్టర్లు ‘పాలీ’ అని పిలిచే గిన్నె వంశం అదే. 1990ల చివరి నుంచి దాని అణువులను రేడియేషన్‌తో ఒకదానికొకటి ముడివేసి మరింత గట్టి రకం తయారుచేస్తున్నారు.

బంతి ఎందుకంత చిన్నది

చార్న్‌లీ డిజైన్‌లో చూసేవాళ్లకు వింతగా కనిపించేది బంతి సైజు. సహజమైన తొడ ఎముక తల 40 మి.మీ. పైచిలుకు ఉంటే, ఆయన పెట్టింది అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, అంటే దాదాపు 22 మి.మీ.

స్క్రూడ్రైవర్ పట్టుకుని చూస్తే ఇది తెలిసిపోతుంది. పిడి లావుగా ఉంటే మెలి బాగా పడుతుంది. సన్నగా ఉంటే ఎంత గట్టిగా పట్టుకున్నా మెలి తక్కువే. బంతి గిన్నెలో రాసుకున్నప్పుడు కూడా అంతే. బంతి చిన్నదైతే గిన్నెను ఎముకలోంచి తిప్పి వదులుచేసే మెలి తగ్గుతుంది. గిన్నె గోడ మందంగా ఉంచడానికి చోటూ దొరుకుతుంది. ఇంకో లాభం రాలే పొడిలో ఉంది. గిన్నె ఏడాదికి 0.1 మి.మీ. లోతున అరుగుతుందనుకుందాం. 22 మి.మీ. బంతి కింద రాలే ప్లాస్టిక్ దాదాపు 39 ఘనపు మి.మీ. అదే లోతుకు 36 మి.మీ. బంతి కింద రాలేది సుమారు 102 ఘనపు మి.మీ. ఎముకను తినేది ఆ పొడే కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు.

నష్టం కూడా ఉంది. చిన్న బంతి కొద్దిగా పక్కకు జరిగితే చాలు, గిన్నె అంచు దాటి బయటికి వచ్చేస్తుంది. కుర్చీ, కమోడ్ అలవాటున్న ఇంగ్లండ్ ముసలివాళ్లకు ఇది ఓ మాదిరి ప్రమాదం. బాసింపట్టు వేసుకుని నేల మీద భోంచేసే ఇంట్లో, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో లెక్క మారుతుంది. అందుకే పాలీ గట్టిపడ్డాక సర్జన్లు 28, 32, 36 మి.మీ. బంతుల వైపు జరిగారు. ఇక్కడ పేషెంటు వయసూ, రోజూ ఎలా కూర్చుంటాడన్నదీ కంపెనీ పేరు కంటే ముందు మాట్లాడుకోవాల్సినవి.

జిగురు కాదు, గ్రౌట్

గుంజను గోతిలో పెట్టి చుట్టూ రాళ్లు కూరితే కొన్నాళ్లకు ఊగుతుంది. కాంక్రీటు పోస్తే గోతి ఆకారానికి తగ్గట్టు గట్టిపడి కదలదు. తొడ ఎముక లోపల ఉక్కు పిడి విషయంలో చార్న్‌లీ చేసింది అదే. మాంచెస్టర్‌లో దంతవైద్య పదార్థాల మీద పనిచేసే డెనిస్ స్మిత్ సలహాతో, కట్టుడు పళ్లకు వాడే యాక్రిలిక్‌ను ఎంచుకున్నాడు. పొడీ ద్రవమూ కలిపితే పిండి ముద్దలా అయి, నిమిషాల్లో వేడెక్కి గట్టిపడుతుంది. ఇది అంటించే జిగురు కాదని, సందులు నింపే గ్రౌట్ అని ఆయన పదేపదే చెప్పేవాడు. భారం ఒక్క చోట పడకుండా ఎముక పొడవునా పంచడం దాని పని.

కీళ్లు వదులవడానికి సిమెంటే కారణమని తర్వాత కొన్నాళ్లు ప్రచారం జరిగింది. అసలు దోషి ఎక్కువగా పాలీ పొడి అని తేలింది. ఈలోపు గరుకు పూత మీదికి ఎముకే పెరిగి పట్టుకునే, సిమెంట్ అక్కర్లేని రకాలు వచ్చాయి. వయసులో ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎక్కువగా ఇవే వేస్తారు. గుల్లబారిన ఎముకలున్న పెద్దవాళ్లకు సిమెంట్ ఇప్పటికీ నమ్మకమైన దారి. ఒకటి పాతదనీ ఇంకొకటి కొత్తదనీ రేటు కట్టడంలో అర్థం లేదు.

థియేటర్‌లో గాజుగది

ఇదంతా జరిగింది విగన్ పట్టణానికి దగ్గర్లోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో. మాంచెస్టర్‌లో పెద్ద ఆసుపత్రిని వదిలి క్షయ రోగుల పాత శానిటోరియంలో తుంటి కేంద్రం పెట్టుకున్నాడు. అక్కడ మొదట్లో 100 ఆపరేషన్లలో 7 నుంచి 9 దాకా చీము పట్టేవి. కృత్రిమ కీలుకు చీము పడితే చాలాసార్లు దాన్ని తీసేయాల్సి వస్తుంది.

క్రిములు గాలిలోంచే పడుతున్నాయని చార్న్‌లీ అనుమానం. థియేటర్ లోపల ఇంకో చిన్న గది కట్టించి, వడగట్టిన గాలిని పైనుంచి కిందికి తోయించాడు. దాన్ని అందరూ గ్రీన్‌హౌస్ అనేవారు. సర్జన్ ఒళ్లంతా కప్పేసి, విడిచిన ఊపిరిని గొట్టంతో బయటికి లాగేసే దుస్తులు కూడా చేయించాడు. 1970 నాటికి ఇన్ఫెక్షన్లు 1 శాతం లోపుకు దిగాయి. 1982లో బ్రిటన్‌లో 8 వేలకు పైగా ఆపరేషన్ల మీద వచ్చిన పెద్ద పరిశీలన శుభ్రమైన గాలి ఉపయోగపడుతుందని చెప్పింది, దాంతోపాటు ముందుగా ఇచ్చే యాంటీబయాటిక్స్ పాత్ర కూడా పెద్దదేనని చూపింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఇలాంటి గాలి ఏర్పాట్ల అవసరం లేదన్నట్టుగా సూచించింది. మన దగ్గర ‘లామినార్ ఫ్లో థియేటర్’ (వడగట్టిన గాలి ఒకే దిశలో వీచే థియేటర్) అని బోర్డు పెట్టుకునే ఆసుపత్రులు ఈ వాదన ఇంకా తేలలేదన్న సంగతి చెప్పవు.

వదలకుండా వెంటపడ్డ లెక్క

టెఫ్లాన్ దెబ్బ తర్వాత చార్న్‌లీ తీరు మారింది. తన దగ్గరికి వచ్చి నేర్చుకోని సర్జన్‌కు తన కీలు అమ్మకూడదని లీడ్స్‌లోని తయారీ సంస్థ థాక్రేకు 1960లలో షరతు పెట్టాడు. అది ఆయన అహంకారమని తోటివాళ్లలో చాలామందికి గుర్రు. కొత్త ఇంప్లాంట్‌ను వారాంతపు వర్క్‌షాపులో నేర్చేసుకునే ఇప్పటి పద్ధతితో పోల్చి చూస్తే ఆ షరతు అంత తప్పుగా కనిపించదు. ముసలివాళ్లకే చేయమనేవాడు, వయసులో ఉన్నవాళ్లకు తొందరపడొద్దనేవాడు. పేషెంట్లు క్రమం తప్పకుండా వచ్చి ఎక్స్‌రే తీయించుకోవాలి. చనిపోయాక తమ తుంటిని పరీక్షకు ఇవ్వమని కూడా అడిగేవాడు. చాలామంది ఒప్పుకున్నారు. పదేళ్లూ పదిహేనేళ్లూ నడిచిన కీలు లోపల ఎలా ఉందో ఆయనకు అలా తెలిసింది.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1969–71 మధ్య వరసగా చేసిన 2,000 చార్న్‌లీ తుంటి కీళ్లను తర్వాత లెక్క చూశారు. 25 ఏళ్లకు 100లో దాదాపు 81 కీళ్లు మార్చాల్సిన, తీసేయాల్సిన అవసరం లేకుండా నిలిచాయి. చార్న్‌లీకి 1974లో లాస్కర్ అవార్డు (అమెరికాలో పేరున్న వైద్య పరిశోధన పురస్కారం), 1975లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీలో సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి. 1982 ఆగస్టు 5న, 70 ఏళ్ల వయసులో చనిపోయాడు.

మోకాలి దాకా వచ్చిన దారి

తెలుగునాట తుంటి కంటే మోకాలి మార్పిడే ఎక్కువ వినపడే మాట. ఆ దారి కూడా రైటింగ్‌టన్ మీదుగానే వచ్చింది. కెనడా నుంచి వచ్చిన ఫ్రాంక్ గన్‌స్టన్ 1960ల చివర్లో అక్కడే పాలిథిలిన్, ఉక్కు, సిమెంట్ ఈ మూడింటితోనే మోకాలి కీలు తయారుచేశాడు. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు మన కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. అందులో ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో పన్ను కాకుండా 54,720 రూపాయలు. తుంటి ఇంప్లాంట్లు ఆ పరిమితిలోకి రాలేదు. ఒకే ఆసుపత్రిలో మోకాలి రేటుకూ తుంటి రేటుకూ పొంతన లేకపోవడానికి ఇదొక కారణం.

లోహం మీద లోహం మళ్లీ

చార్న్‌లీ కాలంలోనే నార్విచ్‌లో మెక్‌కీ అనే సర్జన్ బంతీ గిన్నే రెండూ లోహంతో చేసేవాడు. తన కీలునూ దాన్నీ లోలకాలకు తగిలించి ఊపి, లోహానిది ముందుగా ఆగిపోవడాన్ని చార్న్‌లీ అందరికీ చూపించేవాడు. పాలీ పొడి భయంతో 1990ల చివర్లో, 2000లలో అదే లోహపు జత పెద్ద బంతితో తిరిగొచ్చింది. పెద్ద బంతి బయటికి జారదు, లోహం అరగదు, కుర్రవాళ్లు పరుగెత్తొచ్చు అన్నది ప్రచారం. కొన్ని డిజైన్లలో రాసుకున్న చోట కోబాల్ట్, క్రోమియం రేణువులు రక్తంలోకి చేరి చుట్టూ కండను చంపేశాయి. ఇంప్లాంట్లు చేసే డిప్యూ సంస్థ తన ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి రకాన్ని 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. అప్పటికి సుమారు 93 వేల మందికి పెట్టారు.

ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో ప్రతి కృత్రిమ కీలునూ నమోదు చేసే రిజిస్ట్రీలు ఉన్నాయి. ఏ కీలు అనుకున్నదానికంటే ముందే విఫలమవుతోందో అక్కడి లెక్కల్లోనే తేలింది. చార్న్‌లీ ఒక ఆసుపత్రిలో చేసిన పనినే వాళ్లు దేశమంతటికీ చేస్తున్నారు. భారత్‌లో ఏఎస్ఆర్ రకం దాదాపు 4,700 మందికి వేశారు. 2018లో ప్రభుత్వ కమిటీ నివేదిక బయటికొచ్చేసరికి వాళ్లలో ఎక్కువమంది ఆచూకీ దొరకలేదు. లోపల ఏ కీలు ఉందో తెలియకుండానే నడుస్తున్నవాళ్లు వాళ్లలో ఎందరో.

ఇంప్లాంట్ డబ్బాతో పాటు చిన్న స్టిక్కర్లు వస్తాయి. కంపెనీ, మోడల్, సైజు, బ్యాచ్ నంబరు వాటి మీదే ఉంటాయి. థియేటర్‌లో ఒకటి కేస్ షీట్‌కు అంటిస్తారు. ఇంకొకటి డిశ్చార్జి కాగితాల మీద ఉండాలి. ప్యాకేజీ రేటు మీద గంటసేపు బేరమాడిన కుటుంబం, ఇంటికెళ్లే ముందు ఆ స్టిక్కర్ ఉందో లేదో చూసుకోవడానికి పట్టేది అర నిమిషం.